గోడ మీద కదలని పడవ

పొద్దున్నే ఏడున్నర బోటులో మోళికుట్టి తనలో తాను నవ్వుకుంటోంది. చేతిలో ఫోన్ ఉంది. బొటనవేలితో పైకి తోస్తుంది, నవ్వుతుంది. కిందికి లాగుతుంది, మళ్లీ నవ్వుతుంది. ఎదురు బల్ల మీద చేపల గంపతో కూర్చున్న ఏలియమ్మ కాసేపు ఓర్చుకుని చూసింది.

"ఏంటే మోళీ, ఫోన్లో ఎవరే అంత నవ్విస్తున్నది?"

"ఎవరూ కాదు చేచీ! కదలట్లేదు!"

"ఏంటి కదలనిది?"

"ఆ వెనకున్న బొమ్మ. మీద రాతలన్నీ పోతున్నాయి, అది మాత్రం పోవట్లేదు, చూడు చేచీ!"

పెద్దదైన ఆడమనిషిని ఆ ఊళ్లో చేచీ అనే పిలుస్తారు. ఏలియమ్మ ఫోన్ వంక చూసింది, మోళికుట్టి మొహం వంక చూసింది, ఎందుకైనా మంచిదని గంప తన వైపు జరుపుకుంది.

"కదలని దాన్ని చూసి ఇంత సంతోషమైతే మా ఇంటికి రా, మా ఆయన్ని చూపిస్తా. పదేళ్లుగా కుర్చీలోంచి కదల్లేదు" అంది.

బోటంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది మోళికుట్టే. ఆ రోజు ఆమె కాళ్లు నేల మీద ఆనడం లేదు, అసలు ఎటు చూసినా నీళ్లే ఉండే ఆ కేరళ కుట్టనాడులో ఆనడానికి నేల మాత్రం ఎంతుందని!

మోళికుట్టికి నలభై ఏడేళ్లు. కావుంకర రేవు పక్కన చిన్న కంప్యూటర్ కొట్టు నడుపుతుంది. ఇరవై రెండేళ్లుగా ఆ ఊరి పెళ్లి పత్రికలు, చావు కబుర్లు, పంచాయతీ నోటీసులు, బ్యాంకు దరఖాస్తులు అన్నీ టైపు చేసింది ఆమే. ఆ ఊళ్లో పుట్టినవాడి పేరు గానీ పోయినవాడి పేరు గానీ ఆమె వేళ్ల మీదుగా పోకుండా లేదు. ఆమె పేరు మాత్రం ఎక్కడా అచ్చయి ఉండదు. కొట్టు బోర్డు మీద 'బేబిచ్చన్ కంప్యూటర్స్' అని ఉంటుంది. బేబిచ్చన్ ఆమె భర్త. యాభై మూడేళ్ల మనిషి, మీసం ఉంది, పొట్ట ఉంది, ఎనిమిది వందల బాతులున్నాయి, అయినా ఊరికి బేబిచ్చనే. ఆ మహానుభావుడు పుట్టి బుద్ధెరిగి కంప్యూటర్ మీట ఒక్కటి నొక్కి ఎరగడు. మామగారు బోర్డు రాయించిన రోజున కోడలి పేరు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే. ఆఖరికి వాళ్ల పెళ్లి పత్రికలో కూడా 'కురియాకోస్ రెండో కుమార్తె' అని వేసి ఊరుకున్నారు.

కిందటేడు ఆమె ఫోన్లో పాఠాలు వింటూ వెబ్‌సైట్లు చేయడం నేర్చుకుంది. "ఈ వయసులో ఓనమాలా?" అన్నవాళ్లున్నారు. "ఓనమాలకి వయసు తెలీదు, నీకే తెలుస్తోంది" అని వాళ్లకి జవాబిచ్చింది. నోరు మంచిదే, అవసరానికి పదునైనది.

సరిగ్గా అప్పుడే పడవల క్లబ్బు వాళ్లు వెబ్‌సైట్ కావాలనుకున్నారు. కావుంకర చుండన్ అంటే మాటలా? నూరు మంది తెడ్డేసే పొడవాటి పందెం పడవ, ముందు కొమ్ము పడగ ఎత్తినట్టుంటుంది. కార్యదర్శి తొమ్మిచ్చన్ ఎర్నాకుళం కంపెనీ ఏదో మాట్లాడి పెట్టుకున్నాడు. మోళికుట్టి ఆయన ఇంటికి వెళ్లి గుమ్మంలోనే అడిగింది.

"నేను చేస్తా తొమ్మిచ్చాయా. నాకేమీ వద్దు. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, చేసింది మోళికుట్టి అని ఉంటే చాలు."

తొమ్మిచ్చన్ చెడ్డవాడు కాదు, కాకపోతే ఖరీదైన వస్తువే మంచి వస్తువని నమ్మే మనిషి. "నెలాఖరు ఆదివారం సభలో చూపించు. సభ్యులు సరేనంటే నీ పేరు. కాదంటే ఎర్నాకుళం వాళ్లు" అన్నాడు.

అలా ఆ పని ఆమె నెత్తికెక్కింది. ఆమె మనసులో ఒక బొమ్మ ఉంది. కిందటేడు సాధన రోజున బేబిచ్చన్ అమరంలో, అంటే పడవ వెనక కొసన, ఒదిగి కూర్చుని తీసిన ఫోటో అది. నూరు వీపులు, నూరు తెడ్లు, అల్లంత దూరాన ముందు కొమ్ము. ఆ ఫోటో తెర నిండా వెనక పరుచుకుని ఉండాలి. పేజీని ఎంత తోసినా అది మేకు కొట్టినట్టు ఉండిపోవాలి. దాని మీదుగా రాతలు మాత్రం వరసగా పైకి సాగిపోవాలి. ఇంకా, పై అంచున ఐదు మాటలు ఉండాలి: మొదలు, మన పడవ, మన మనుషులు, మన గెలుపులు, రండి. చూసేవాడు ఎంత కిందికి పోయినా ఆ ఐదూ నెత్తి మీదే అంటుకుని కనబడాలి. ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఒక్క నొక్కుతో పోవచ్చు.

వెనక బొమ్మని కట్టిపడేయడానికి ఒక్క మాట చాలని పాఠంలో చెప్పారు. రాసింది, నిలిచింది, ఆమె గంతులేసింది. మర్నాడు తొమ్మిచ్చన్ తన ఖరీదైన ఫోన్లో చూస్తే బొమ్మ రాతలతో పాటే చక్కగా పైకి వెళ్లిపోయింది. ఊళ్లో నాసిరకం ఫోన్లన్నిట్లో నిలిచిన బొమ్మ ఆ ఒక్క ఫోన్లో నిలవలేదు. పెద్దవాళ్ల ఇళ్లలో ఏదీ నిలవదని గొణుక్కుంటూ మోళికుట్టి పని మళ్లీ మొదలుపెట్టింది. బొమ్మని పేజీకి అంటించకుండా, విడిగా ఒక పెట్టెలో పెట్టి, ఆ పెట్టెని అన్నిటికీ వెనక బిగించింది. అది నిలిచిన ఉదయమే ఆమె బోటులో అలా నవ్వింది.

ఇక మిగిలింది పైనున్న ఐదు మాటలు. వాటితో రెండు రోజులు పోరాడింది. అంటుకో అని రాస్తే అంటుకోవు. బొమ్మ కదలకూడదంటే కదిలిందొకరోజు, ఇవి ఉండాలంటే జారిపోతున్నాయి. అన్నం మెతుకు నోటికి పోవడం లేదు, ముక్కుకి పోతోంది. చూడలేక బేబిచ్చన్ ఆమెని బాతుల దగ్గరికి తీసుకుపోయాడు.

కోత అయిన పొలంలో బాతులన్నిటి చుట్టూ వల కట్టి ఉంది. వాటిలో ఒక నల్ల బాతు ఉంది. మంద ఎక్కడుంటే అక్కడ ముందుకి పోయి గట్టు మీద నిలబడటం దాని అలవాటు. ఆ రోజు అది వల దాకా పోయి, వలకి రొమ్ము ఆనించి నిలబడింది. బేబిచ్చన్ వల లాగి జరుపుతుంటే దాంతో పాటే జరుగుతోంది.

"ఇదేంటి ఇచ్చాయా, గట్టెక్కట్లేదు?" అని భర్తని అడిగింది.

"ఎలా ఎక్కుద్ది? దానికి ఇప్పుడు వలే గట్టు. అంటుకునే ఉందిగా పాపం, వలకి అంటుకుంది."

మోళికుట్టి బురదలో నిలబడి ఒక్క కేక పెట్టింది. ఎనిమిది వందల బాతులూ ఒకేసారి అరిచాయి. పదిహేను రోజుల కిందట పేజీ పక్కలకి ఊగుతోందని, బయటకి పొర్లిందంతా దాచెయ్యమని అన్నిటికంటే బయటి పెట్టెకి తనే ఒక ఆజ్ఞ రాసింది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమంటే ఇదే. ఆ ఐదు మాటలు అంటుకోకపోవడం కాదు, బుద్ధిగా అంటుకునే ఉన్నాయి. కాకపోతే తెరకి కాదు, ఆమె కట్టిన వలకి. వల పైకి పోతుంటే దాంతో పాటే పోతున్నాయి. కొట్టుకి పరుగెత్తి ఆ వరస చెరిపేసి, పేజీని పక్కలకి ఊపుతున్న వెడల్పాటి ఫోటోని కత్తిరించి సరిచేసింది. ఐదు మాటలూ పై అంచున అతుక్కుపోయాయి. తోసింది, ఉన్నాయి. ఇంకా తోసింది, ఉన్నాయి. ఆ రాత్రి కూరలో రెండుసార్లు ఉప్పు వేసింది. బేబిచ్చన్ నోరెత్తకుండా తిన్నాడు.

ఇంత ఆనందంలో ఆమె ఒక సంగతి మరిచిపోయింది. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతే. కావుంకరలో పడవని నీళ్లకి దించిన రోజు నుంచి పందెం ముగిసేదాకా, అది ఆగింది అనే మాట ఎవరూ అనకూడదు. నిలబడింది అనకూడదు, కదలట్లేదు అనకూడదు. రేవులో తాడేసి కట్టి ఉన్నా 'పడవ చూస్తోంది' అంటారు. నోరు జారినవాడు ఎంతటివాడైనా, కట్టుబట్టలతో ఏట్లో మునిగి రావాల్సిందే. కిందటేడు మునసబు గారి అల్లుడు కొత్త వాచీతో మునిగాడు.

ఆదివారం మూడింటికి పడవ కొట్టంలో సభ జరిగింది. పడవ నీళ్లలో ఉంది కాబట్టి కొట్టం ఖాళీగా ఉంది. చర్చి నుంచి ప్రొజెక్టర్ తెచ్చి, తలుపులు మూసి, సున్నం వేసిన గోడ మీద వెలుగు వేశారు. అరవై మంది బల్లల మీద కూర్చున్నారు. ముందు వరసలో పంకజాక్షన్ ఆశాన్ ఉన్నాడు. ముప్పై ఒక్క ఏళ్లు అమరంలో మొదటి చుక్కాని పట్టిన మనిషి. ఇప్పుడు ఎనభై ఒకటి నిండాయి, చూపు మందగించింది. చుక్కాని పట్టడం నేర్పింది ఆయనే కాబట్టి ఊరంతా ఆశాన్, అంటే గురువుగారు, అనే పిలుస్తుంది.

గోడ నిండా నూరు వీపులు వెలిగేసరికి కొట్టం హోరెత్తిపోయింది.

"అదిగో నా వీపు! ఎడంవైపు మూడోది!"

"నీకంత వీపెక్కడిదిరా, అది నాది!"

"మీ ఇద్దరిదీ కాదు. ఆ మచ్చ చూడు, మా తమ్ముడిది."

కాసేపు సభ వీపులు పంచుకుంది. మోళికుట్టి పొంగిపోతూ పేజీని తోసింది. రాతలు సాగాయి, గెలిచిన ఏళ్లు సాగాయి, మనుషుల పేర్లు సాగాయి. ఐదు మాటలు పైనే ఉన్నాయి. వెనక పడవ ఎక్కడిదక్కడే ఉంది. ఆమె సభ వైపు తిరిగి నవ్వింది.

సభ నవ్వలేదు. వెనక బల్ల మీద నుంచి తెడ్డేసే ఔసేప్ గొంతు వినబడింది.

"పడవ ఆగిపోయిందిరోయ్!"

అన్న మరుక్షణం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అందరూ తలుపు వైపు చూపించారు. అతను లేచి, తలుపు తీసుకుని బయటికి పోయాడు. దభీమని చప్పుడైంది.

మోళికుట్టి గుండె ఆ చప్పుడుతో పాటే మునిగింది. ఇన్నాళ్లుగా ఏది గెలుపనుకుని ఊరంతా చెప్పుకు తిరిగిందో అదేమిటో ఆమెకి అప్పుడు తెలిసింది.

"మోళీ" అన్నాడు తొమ్మిచ్చన్, మాటలు ఏరుకుంటూ. "రాతలు పోతున్నాయి. ఏళ్లు పోతున్నాయి. కప్పులు కూడా పోతున్నాయి. మన పడవ మాత్రం... చూస్తోంది."

"పైనున్న ఆ ఐదూ కూడా చూస్తున్నాయి!" అన్నాడొకడు.

"కొమ్ముకి గుర్రపుడెక్క చుట్టుకున్నట్టు లేదూ?" అన్నాడు ఇంకొకడు.

"పన్నెండు రోజుల్లో పందెం!" తొమ్మిచ్చన్ గొంతు లేచింది. "అవతలి ఊరివాళ్లు చూస్తే ఏమంటారు? కావుంకర పడవ వాళ్ల వెబ్‌సైట్లోనే నిలబడి..."

మాట పూర్తి కాకుండానే అరవై వేళ్లు తలుపు వైపు లేచాయి. గంజి పెట్టిన తెల్ల పంచెతో, మెడలో బంగారు గొలుసుతో కార్యదర్శి వెళ్లి మునిగాడు. ఈసారి చప్పుడు పెద్దది.

ఆయన వచ్చేలోపు మోళికుట్టి గబగబా రెండు పనులు చేసింది. బొమ్మని బిగించిన మాట తీసేసింది. పేజీ అడుగుకి పోయి, తన పేరున్న వరస కూడా చెరిపేసింది. ఊరు వెక్కిరించే పేజీ మీద తన పేరు ఉండకపోవడమే మేలనుకుంది.

తొమ్మిచ్చన్ నీళ్లోడుతూ వచ్చి కూర్చున్నాక మళ్లీ తోసింది. ఈసారి పడవ రాతలతో పాటు కదిలింది. కదిలి, పైకి పోయి, గోడ దాటిపోయింది. కింద తెల్లటి ఖాళీ మిగిలింది.

"మునిగిపోయింది!" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. ఆ మాటకి శిక్ష ఏమిటో కట్టుబాట్లలో లేదు, ఎందుకంటే అంతటి మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు.

కొట్టం గోలగోల అయింది. ఎర్నాకుళం, ఎర్నాకుళం అన్నారు. బేబిచ్చన్ లేచి "మా ఆవిడ మొదట చేసిందే బాగుంది" అన్నాడు. "నువ్వు బాతుల సంగతి చూసుకో" అన్నారు. అప్పుడు ముందు వరసలో కర్ర టకటక కొట్టిన చప్పుడైంది.

"మోళీ, ముందున్నట్టే పెట్టు" అన్నాడు పంకజాక్షన్ ఆశాన్.

"వద్దులే ఆశాన్..."

"పెట్టవే అమ్మాయ్. నాకు సరిగ్గా కనబళ్లేదు."

ఆమె ఆ మాట మళ్లీ రాసింది. నూరు వీపులు గోడ మీదికి తిరిగొచ్చాయి. ఆశాన్ లేచి, కర్ర పొడుచుకుంటూ గోడ దగ్గరికి నడిచాడు. చూపు ఆననివాడు కదా, బాగా దగ్గరికి పోయాడు. ఆయన నీడ గోడ మీద పడింది. ఆ నీడ సరిగ్గా పడవ వెనక కొసన, అమరంలో నిలబడింది.

"తోయి" అన్నాడు.

ఆమె తోసింది. రాతలు ఆయన నీడ పక్కగా సాగిపోయాయి.

"ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడ నిలబడ్డా. పడవ పరిగెత్తడం నేను ఒక్కసారి కూడా చూళ్లేదురా. కొబ్బరిచెట్లు పరిగెత్తాయి. గొడుగులు పరిగెత్తాయి. ఒడ్డు మీద అరిచే జనం వెనక్కి కొట్టుకుపోయారు. పక్క పడవ కూడా వెనక్కే పోయింది. అప్పుడప్పుడు ముందుకీ పోయిందనుకో, ఇప్పుడా గొడవెందుకు. నా కాళ్ల కింది పడవ మాత్రం ఇట్టాగే ఉంది. పడవ పరిగెత్తడం కనబడేది ఒడ్డు మీదున్నవాడికి. ఇంతకీ మీరెవరు? తెడ్డేసేవాళ్లా, గట్టు మీద కూర్చుని వేరుసెనక్కాయలు తినేవాళ్లా?"

అరవై మందిలో ఏభై మంది తెడ్డేసినవాళ్లే. ప్రతివాడికీ ఒక్కసారిగా ఆ మాట ఒంట్లోంచి గుర్తొచ్చింది. ఔసేప్ తడి చొక్కాతో బల్లెక్కాడు.

"నిజమేరా! నాకెప్పుడూ ముందువాడి వీపే కనబడింది! అది ఎప్పుడైనా కదిలిందా?"

"మరి పైనున్న ఐదు మాటలో?"

"వాళ్లు మన పాటగాళ్లురా! పడవ మధ్యలో నిలబడి పాడతారు కదా, వాళ్లెక్కడికైనా పోతారా?"

ఇంకేముంది! ఎవడో పాట అందుకున్నాడు. బల్లల మీద కాళ్లు తాళం వేశాయి. "తోయవే చేచీ, తోయి!" అని అరిచారు. మోళికుట్టి తాళానికి తగ్గట్టు తోసింది. ఏభై మంది ఉత్త చేతులతో గాలిలో తెడ్డేశారు. పేర్లు ఒడ్డులా వెనక్కి పారిపోతున్నాయి. వేగం పెరిగింది, పాట పెరిగింది, రెండో వరస బల్ల విరిగి ఏడుగురు కింద పడ్డారు, పడి కూడా తెడ్డేయడం మానలేదు. తొమ్మిచ్చన్ తడిసిన పంచె పైకెగ్గట్టి అందరికంటే గట్టిగా పాడుతున్నాడు. మోళికుట్టికి నవ్వొస్తోందో ఏడుపొస్తోందో తనకే తెలియదు.

పేజీ అడుగుకి చేరింది. తాళం ఆగింది. ఆశాన్ కళ్లు చికిలించి గోడ కింది భాగం తడిమి చూశాడు. అక్కడేమీ లేదు.

"అమరంలో ఎవరూ లేరేంటి?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. మోళికుట్టికి మాత్రం అర్థమైంది. తలవంచుకుంది.

"నా పేరుండేది ఆశాన్. ఇందాక చెరిపేశాను."

"పడవని నడిపేవాడు నిలబడేది చివరే. ఖాళీ అమరంతో పడవని ఏట్లోకి తోస్తామా? ఏం తొమ్మీ?"

"తోయం ఆశాన్" అన్నాడు తొమ్మిచ్చన్, గడ్డం నుంచి నీళ్లు కారుతుండగా. "రాయి మోళీ. అందరం చూస్తుండగా రాయి."

ఆమె కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఊరి పేర్లన్నీ చూడకుండా కొట్టిన వేళ్లు ఇప్పుడు ఒక్కో అక్షరం కోసం వెతుక్కున్నాయి. ఒక్కో అక్షరం గోడ మీద కొబ్బరికాయంత లావున పడింది. మోళికుట్టి అని రాసి, అలవాటు కొద్దీ భర్త పేరు కోసం ఒక ఖాళీ కొట్టింది.

"నాది వద్దే!" వెనక నుంచి బేబిచ్చన్ అరిచాడు. "నాకు బోర్డుంది, చాలు!"

కొట్టం కూలిపోయేలా నవ్వారు. అరవై మందీ ఆ పేరు గట్టిగా చదివారు. ఆ సంబరంలో ఔసేప్ ఆమె పక్కకి వచ్చి అడిగాడు.

"అది సరే చేచీ, ఆ బొమ్మ అట్టా ఉండాలంటే ఏం చేస్తారు?"

మోళికుట్టికి ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. "ఏముంది, ఒక్క మాట రాస్తే చాలు, పడవ ఆగిపోయి..."

అని నాలుక కరుచుకుంది. అరవై వేళ్లు లేచాయి. అందరికంటే ముందు లేచింది బేబిచ్చన్ వేలే.

ఆమె అభ్యంతరం చెప్పలేదు. చెవుల కమ్మలు తీసి, సభ చూడ్డానికొచ్చిన ఏలియమ్మ చేతిలో పెట్టి, సభ కోసం కట్టుకున్న కొత్త చీరతో, తలుపులు రెండూ బార్లా తెరుచుకుని, పరుగెత్తి ఏట్లో దూకింది. మునిగి లేచి, తల మీది నీళ్లు తుడుచుకుని వెనక్కి చూసింది. కెరటాలకి ఆమె ఊగుతోంది, రేవు ఊగుతోంది, కట్టేసిన పడవ ఊగుతోంది, ఒడ్డున చేరి చప్పట్లు కొడుతున్న జనం ఊగుతున్నారు. తలుపుల్లోంచి ఎండ పడి గోడ మీది వెలుగు పలచబడింది. అయినా అడుగున ఆ ఒక్క వరస చదవడానికి వీలుగానే ఉంది. అది ఊగడం లేదు.

"కదలట్లేదు!" అని ఆమె నీళ్లలోంచి కేక పెట్టింది. మళ్లీ మునగమన్నారు, మునిగింది.